కార్తీక వనభోజనాలు: నలభై మందికి ఎంత వండాలి, ఎలాంటి చోటు చూడాలి, ఏం జాగ్రత్తలు?

తోటబాట:
అందరికీ నమస్కారం. బంధువులంతా కలిసి ఈ కార్తీకంలో వనభోజనాలు పెట్టుకుంటున్నాం. పెద్దవాళ్లు 30 మంది, పదేళ్లలోపు పిల్లలు 10 మంది. పెద్దవాళ్లలో నలుగురు డెబ్బై దాటినవాళ్లు. విజయవాడ నుంచి గంట, గంటన్నర దూరంలో మామిడితోట చూస్తున్నాం. వంటవాళ్లను మాట్లాడటం లేదు, ఇళ్లలోనే వండుకుని తీసుకెళ్తాం. ఉల్లి, వెల్లుల్లి వాడం. ఏ ఆదివారం బాగుంటుంది? ఏం వండితే మధ్యాహ్నం దాకా పాడవకుండా ఉంటుంది? కొలతలు ఎంత? తోట ఖాయం చేసుకునే ముందు ఏమేం చూడాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

తిథివారం:
ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి పండగలన్నీ ఆలస్యం. 2026లో కార్తీకం నవంబర్ 10న మొదలై డిసెంబర్ 8తో ముగుస్తుంది. ఆదివారాలు నాలుగే: నవంబర్ 15, 22, 29, డిసెంబర్ 6. పున్నమి 24, మంగళవారం. దానికి ముందు ఆదివారం, అంటే 22న, కృష్ణ ఒడ్డునా, అమరావతి దారిలోనూ రద్దీ బాగా ఉంటుంది. పంచారామాల (అయిదు శైవక్షేత్రాల) బస్సులు కూడా అప్పుడు తిరుగుతుంటాయి. నన్నడిగితే 29 పెట్టుకోండి, 6వ తేదీని చేతిలో ఉంచుకోండి. నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కోస్తాలో రెండు మూడు రోజులు ముసురు వదలదు. తోట యజమానితో మాట్లాడేటప్పుడే "వాన పడితే వచ్చే ఆదివారం" అని ఒప్పించుకోండి. బయానా ఇచ్చాక అడిగితే వినరు.

ఇంకో సంగతి. నవంబర్ చివర్లో మీ వైపు అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది, తోటలో ఇంకా ముందే చీకటి పడుతుంది. కాబట్టి లెక్క సాయంత్రం నుంచి వెనక్కి వేసుకోండి. నాలుగున్నరకు సామాను సర్దాలి, పన్నెండున్నరకు విస్తళ్లు పడాలి, పదకొండింటికి పూజ, తొమ్మిదిన్నరకు తోటలో దిగాలి, ఎనిమిదికి బండి కదలాలి. ఎనిమిదిని తొమ్మిదిన్నర చేశారంటే భోజనాలు రెండున్నరకు జరుగుతాయి. అప్పటికి పిల్లలు ఏడుస్తుంటారు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు నీరసపడిపోతారు.

వంటింటిలెక్క:
నలభై మందికి మొత్తం బియ్యం 5 కిలోలు మించనక్కర్లేదు. పులిహోరకు 2, తెల్లన్నానికి 2, దద్దోజనానికి 750 గ్రాములు. వనభోజనాల్లో అందరూ పులిహోర రెండోసారి వేయించుకుంటారు, తెల్లన్నం మిగిలిపోతుంది. అందుకే అది తగ్గించాను.

పులిహోర 2 కిలోల బియ్యానికి: చింతపండు 250 గ్రాములు, నూనె 300 మి.లీ., పచ్చిమిర్చి 150 గ్రాములు, ఎండుమిర్చి 20, వేరుశనగ గుళ్లు 200 గ్రాములు, శనగపప్పు 100, మినప్పప్పు 50, పసుపు నాలుగైదు చెంచాలు, ఉప్పు 70 గ్రాములు, ఇంగువ, కరివేపాకు, నిమ్మకాయంత బెల్లం. పాత బియ్యమే వాడండి. కార్తీకం, మార్గశిరం అంటే కొత్త బియ్యం అంగళ్లలోకి వచ్చే రోజులు, దాంతో చేస్తే పులిహోర ముద్దైపోతుంది. గ్లాసు బియ్యానికి గ్లాసున్నరకూ, పావుతక్కువ రెండు గ్లాసులకూ మధ్య నీళ్లు చాలు. అన్నం దించగానే పెద్ద బేసిన్‌లో పలచగా పరిచి, పసుపు, సగం ఉప్పు, రెండు గరిటెల పచ్చినూనె, కరివేపాకు చల్లి వదిలేయండి. వేడి మీద కలిపితే మెతుకు విరుగుతుంది. చల్లారాక అడుగు నుంచి చేత్తో ఎత్తిపోస్తూ పులుసు కలపాలి. పొద్దున రుచి చూసినప్పుడు పులుపూ ఉప్పూ కొంచెం ముందుకు కొట్టినట్టే ఉండాలి, మధ్యాహ్నానికి అన్నం పీల్చుకుని సరిపోతుంది. పులుసు ముందురోజు రాత్రే నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకోవచ్చు, పోపు మాత్రం పొద్దున వేయండి. లేకపోతే గుళ్లు మెత్తబడతాయి.

కూర: కంద బచ్చలి. కంద రెండున్నర కిలోలు, బచ్చలి ఆరు కట్టలు, చింతపండు 75 గ్రాములు. చేతులకు నూనె రాసుకుని కంద చెక్కు తీయండి, దురద పట్టదు. చింతపండు పులుసుతోనే ఉడికించండి, గొంతు దురద తగ్గేది ఆ పులుపుతోనే. ఆవపిండి ముద్ద కూర దించి గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది.

పప్పు: కందిపప్పు కిలో, దోసకాయలు కిలోన్నర. ముక్కల పులుసు: గుమ్మడి, చిలగడదుంప, ములక్కాడ, ఆనపకాయ కలిపి రెండున్నర కిలోలు, చింతపండు 150 గ్రాములు, బెల్లం 100. పులుపున్న పదార్థం కాబట్టి నిలవకు ఇబ్బంది ఉండదు.

తీపికి పూర్ణం బూరెలు చేయండి. కిలో శనగపప్పు, 800 గ్రాముల బెల్లంతో చిన్నవి 75, 80 దాకా వస్తాయి. మనిషికి రెండు. పరమాన్నం వద్దు. ప్రయాణంలో గడ్డకట్టి గరిటెకు రాదు, పాలల్లో బెల్లం వేడి మీద పడితే విరుగుతుంది కూడా.

కొబ్బరి పచ్చడి అసలు తీసుకెళ్లకండి. అన్నిటికంటే ముందు పాడయ్యేది అదే.

పెరుగుగిన్నె:
దద్దోజనం గురించి వంటింటిలెక్క గారు చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. పొద్దున ఆరింటికి పెరుగుతో కలిపేస్తే ఒంటిగంటకు నోట్లో పెట్టలేనంత పులుస్తుంది. 750 గ్రాముల బియ్యాన్ని మూడింతల నీళ్లతో మెత్తగా వండి, మెదిపి, కాచిన పాలు లీటరున్నర పోయండి. గోరువెచ్చగా అయ్యాక కమ్మటి పెరుగు 150 మి.లీ. కలపండి. డబ్బాలోనే తోడుకుని భోజనాల వేళకు తియ్యగా ఉంటుంది. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు పెరుగు వేస్తే తోడుకోదు. ఉప్పు, అల్లం, మిర్చి పోపు విడిగా చిన్న డబ్బాలో తీసుకెళ్లి వడ్డించే ముందు కలపండి. ఇవికాక మామూలు పెరుగు 3 లీటర్లు ఐస్ పెట్టెలో.

అగ్గిపొయ్యి:
తెల్లన్నం మాత్రం అక్కడే వండుకోండి. పొద్దున వండింది మధ్యాహ్నానికి గట్టిపడుతుంది, పప్పు, పులుసు వేసుకున్నా కలవదు.

వంటింటిలెక్క:
ఆ మాట నిజమే కానీ, నలభై మంది తోటలో ఉండగా ఇద్దరు ఆడవాళ్లు పొయ్యి దగ్గరే ఉండిపోతారు. బయల్దేరే ముందు ఏడున్నరకు అన్నం దించి, పొగలు కక్కుతుండగానే హాట్ ప్యాక్ డబ్బాల్లో అంచుల దాకా నింపి మూత పెడితే పన్నెండున్నరకు కూడా వేడిగా ఉంటుంది. సగం డబ్బా నింపితే చల్లారిపోతుంది.

అన్నం ప్రమాదంలో పడేది ఎప్పుడంటే, అటు వేడిగానూ లేక ఇటు చల్లగానూ లేక గోరువెచ్చగా స్టీలు క్యాన్‌లో మూతేసి నాలుగైదు గంటలు ఉంచినప్పుడు. వండినా చావని సూక్ష్మజీవుల బీజాలు బియ్యంలో ఉంటాయి, ఆ గోరువెచ్చదనంలోనే పెరుగుతాయి. సాయంత్రానికి వాంతులు పట్టుకునేది అందుకే, తర్వాత మళ్లీ వేడిచేసినా అది పోదు. కాబట్టి తెల్లన్నం చెయ్యి పెట్టలేనంత వేడిగా మూతపెట్టండి. పులిహోర పూర్తిగా ఆరాక, చింతపండు పులుపు బాగా పట్టించి మూతపెట్టండి. రెండింటికీ ఒకే పద్ధతి పనికిరాదు.

అగ్గిపొయ్యి:
ఒప్పుకుంటాను. అయితే టీకి మాత్రం స్టవ్ కావాలి. 5 కిలోల చిన్న సిలిండర్, ఒక బర్నర్ చాలు. రెగ్యులేటర్, పైపు బిగించి ముందురోజే ఇంటి దగ్గర వెలిగించి చూసుకోండి. గాలికి మంట నిలవదు, మూడు వైపులా పెట్టడానికి రేకు ముక్కలు పట్టుకెళ్లండి. ముప్పై మందికి టీ: పాలు 2 లీటర్లు, నీళ్లు లీటరుంపావు, టీపొడి 70 గ్రాములు, చక్కెర పావుకిలో. మూడున్నరకు పెట్టండి.

మోదుగాకు:
తెలంగాణ దిక్కు నుంచి ఒక మాట. తోట మీ సొంతమో, అద్దెకు తీసుకున్నదో అయితే పొయ్యి పెట్టుకోవచ్చు. అడవిలకు పోయేటట్టయితే పెట్టొద్దు. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం కింద నేరం. అటవీశాఖ పార్కులల్ల టికెట్ తీసుకుని లోపలికి పోయినా వంటకు ఒప్పుకోరు. ముందే ఫోన్ చేసి, బయటి అన్నం తెచ్చుకోనిస్తరా, కూర్చొని తినే జాగ ఉన్నదా అని అడగాలె.

విస్తళ్ల సంగతి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. మోదుగాకు విస్తళ్లయినా, అడ్డాకు విస్తళ్లయినా 60 తీసుకోండి, చిరిగినవి పోను సరిపోతయి. కుట్టిన విస్తరి ఎండి పెళుసుగా ఉంటే పులుసు కారుతది. వడ్డించే ముందు నీళ్లు చిలకరించి ఐదు నిమిషాలు ఉంచితే పుల్లలు మెత్తబడి ఆకు సాగుతది. అరిటాకులు తెస్తే చుట్టగా చుట్టి తడిగుడ్డల పెట్టాలె. ఎండ తగిలిందంటే ఈనె పొడుగునా చీలుతది.

ధాత్రి:
ఎవరూ ఉసిరిచెట్టు మాట ఎత్తలేదు! మామిడితోట అన్నారు, అందులో ఉసిరిచెట్టు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే కార్తీకంలో పూల బజార్లలో ఉసిరికొమ్మలు అమ్ముతారు, లేదా నర్సరీలో కుండీ మొక్క కొని, పూజ అయ్యాక ఆ తోటలోనే నాటి రావచ్చు. కుండీ మొక్కే మేలంటాను. ఉసిరాకు చిన్నది, చెట్టు నీడ పలచగా ఉంటుంది. పూజ ఉసిరి దగ్గర చేసుకుని భోజనాల బంతి మామిడి కిందో, చింత కిందో వేయండి. నలభై మందికి ఒక్క ఉసిరి నీడ చాలదు.

ఉసిరికాయ దీపానికి పెద్ద కాయలు ఏరుకోండి. అడుగున పలచగా చెక్కితే దొర్లకుండా నిలబడుతుంది. పైన మూతలా కోసి, గింజ దాకా గుంట చేసి, ముందే నేతిలో నానబెట్టిన పువ్వొత్తి పెట్టాలి. పొడి వత్తి పెట్టి పైన నెయ్యి పోస్తే కాయ తడికి వెలగదు. చెట్టు మొదట్లో ఎండుటాకులు ఊడ్చి, నీళ్లు చల్లి, ఇత్తడి పళ్లెంలో పెట్టండి. కాటన్ చీర కొంగులు, పిల్లల పట్టు పరికిణీలు జాగ్రత్త. ప్రదక్షిణలు చేసేటప్పుడు దీపాలు చెట్టుకు ఒకవైపే, అదీ కాళ్లకు ఎడంగా ఉండాలి.

తోటబాట:
ధాత్రి గారూ, ఆదివారం ఉసిరికాయ తినకూడదంటారు మా పెద్దవాళ్లు. మేం వెళ్లేది ఆదివారమే. ఉసిరికాయ పచ్చడి చేయాలా, మానాలా?

ధాత్రి:
పాటించే ఇళ్లలో మానేయండి. పెద్దవాళ్లు విస్తరి ముందు ఇబ్బంది పడకూడదు. పూజకూ, దీపానికీ, చెట్టు కింద కూర్చోవడానికీ ఏ అడ్డూ లేదు. పచ్చడి బదులు దోసావకాయో, పాత మాగాయో పెట్టండి. మాగాయలో వెల్లుల్లి పడిందేమో మాత్రం చూసుకోండి. ఉసిరి కావాలనుకుంటే ఆదివారం కాకుండా ఇంకో రోజు సెలవుపెట్టి పగటిపూట వెళ్లాలి. నలభై మందికి కుదరదు.

గట్టుమీద:
తోట చూడ్డానికి వారం ముందు ఒకరు వెళ్లండి, అదీ మిట్టమధ్యాహ్నం. నీడ ఎక్కడ పడుతుందో అప్పుడే తెలుస్తుంది. వెళ్లినవాళ్లు తలెత్తి చూడాల్సినవీ ఉన్నాయి, కింద చూడాల్సినవీ ఉన్నాయి.

పైన తేనెతుట్టెలు. పెద్ద కొమ్మలకు వేలాడే తుట్టె ఒక్కటి కనబడినా ఆ చెట్టు కిందా, దరిదాపుల్లోనూ పొయ్యి, సాంబ్రాణి, టపాసులు వద్దు. పొగ తగిలితే ఈగలు లేస్తాయి. లేస్తే చేతులు విసరకుండా, తలా మొహం గుడ్డతో కప్పుకుని పరుగెత్తి బండిలో కూర్చుని అద్దాలు ఎక్కించాలి. నీళ్లలో దూకితే అవి పైనే తిరుగుతుంటాయి. ముల్లు వెంటనే గోటితో గీరేయండి. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

కింద, కంచెల మీద దూలగొండి, అంటే దురద పుట్టించే తీగ. చలికాలంలోనే కాయలు ముదిరి ఎండుతాయి, పైనున్న బంగారు రంగు నూగు గాలికి రాలుతుంది. ఒంటికి తగిలితే గోకినకొద్దీ పాకుతుంది. వెడల్పు టేపు అంటించి లాగితే నూగు ఊడివస్తుంది, ఆ తర్వాతే నీళ్లతో కడగాలి. ఆ బట్టలు వేరే సంచిలో వేయండి. తీగ ఉన్న కంచె వైపు పిల్లలను వెళ్లనివ్వకండి.

కొండకు దగ్గరైతే కోతులు. అన్నం డబ్బాలు బండి దిగకూడదు, వడ్డన వేళే దించాలి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది మరుగుదొడ్డి. చాలా తోటల్లో ఉండదు, ఉన్నా నీళ్లుండవు. ఆడవాళ్లు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుని కూర్చుంటారు, ఎవరికీ చెప్పరు. అది లేని తోట ఎంత అందంగా ఉన్నా వద్దనుకోండి.

రేవుకాపు:
విజయవాడ వైపు కాబట్టి నది సంగతి చెప్పకుండా ఉండలేను. 2017 నవంబర్ 12, కార్తీక ఆదివారమే. ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా కలిసి వచ్చినవాళ్లు. ఆ పడవకు అనుమతి లేదు, లైఫ్ జాకెట్లు లేవు. ఎవరైనా ఒడ్డున నిలబడి "ఇంకో పదిమంది ఎక్కొచ్చు" అంటే ఎక్కకండి. జాకెట్ ఇవ్వడమే కాదు, బకిల్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా రాకూడదు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే జారిపోతుంది, వాళ్ల కొలతవి అడగండి. లేవంటే పడవ మానేయండి.

తోట పక్కన కాలవ ఉన్నా అంతే. గట్టు నాచుపట్టి జారుతుంది, లోతు ఒక్క అడుగులో మారిపోతుంది. పిల్లలను చూసుకునే పని "అందరం చూస్తాం" అంటే ఎవరూ చూడరు. గంటకొకరి చొప్పున పేరు పెట్టి అప్పజెప్పండి. భోజనాల గంట మరీ ముఖ్యం.

బంతివడ్డన:
నా పట్టుదల ఒకటుంది, చెప్తాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వండినవాళ్లు మొదటి బంతిలో కూర్చోవాలి. వాళ్లు చివర, చల్లారిన పప్పుతో, అడుగంటిన పులిహోరతో తినడం వనభోజనం కాదు. నలభై మందిని రెండు బంతులు చేయండి. మొదటి బంతిలో వండినవాళ్లు, పెద్దవాళ్లు, పిల్లలు. వడ్డనకు అయిదుగురు మగపిల్లలు, అల్లుళ్లతో సహా. ఒకరు బూరె, పులిహోర. ఒకరు కూర, పచ్చడి. ఒకరు అన్నం, ఒకరు పప్పు, నెయ్యి, వెనకే పులుసు. అయిదోవాడు మంచినీళ్లు మాత్రమే. నీళ్లవాడికి వేరే పని చెప్పకండి. అన్నం గొంతుకు అడ్డుపడినప్పుడు నీళ్లు అడిగి తెప్పించుకోవాల్సి రాకూడదు.

డెబ్బై దాటినవాళ్లు నలుగురన్నారు, వాళ్లు కింద కూర్చోలేకపోవచ్చు. మడత కుర్చీలు ఆరు, బల్ల ఒకటి తీసుకెళ్లండి. బల్లను బంతి చివర వేయండి, దూరంగా వేయకండి. వాళ్లూ అదే వరసలో ఉండాలి.

నీళ్లు 20 లీటర్ల క్యాన్లు ఏడు. నాలుగు తాగడానికి, మూడు చేతులకూ గిన్నెలకూ. చేతులు కడిగే క్యాన్‌కు కుళాయి బిగించినది తీసుకోండి. చెంబుతో పోస్తే సగం నీళ్లు నేలపాలవుతాయి.

దక్షిణవైపు:
మెల్‌బోర్న్ నుంచి. మాకిక్కడ నవంబర్ వసంతం, కాబట్టి కార్తీకంలోనే వనభోజనాలు పెట్టుకోగలుగుతాం. అమెరికా ఈశాన్యంలో ఉన్నవాళ్లు చలికి భయపడి వేసవిలోనే కానిచ్చేస్తారు. ఇక్కడ చాలా పార్కుల్లో కరెంటు బార్బెక్యూలు ఉచితంగా ఉంటాయి. రేకు పరిచి అట్లు పోసుకోవచ్చు, కానీ ముందు వాడినవాళ్లు మాంసం కాల్చి ఉంటారు, కార్తీక నియమం ఉన్నవాళ్లు పెనం ఇంటి నుంచే తెచ్చుకోవాలి. టోటల్ ఫైర్ బ్యాన్ (ఆరుబయట నిప్పు పూర్తిగా నిషేధం) ప్రకటించిన రోజు ఆరుబయట ఉసిరిదీపం కూడా వెలిగించకూడదు. ముందురోజు సాయంత్రమే చూసుకుని బ్యాటరీ దీపాలు పెట్టుకోండి. ఉసిరికాయలు ఇండియన్ షాపుల్లో ఫ్రీజర్‌లో దొరుకుతాయి. నైవేద్యానికి సరే, కరిగాక మెత్తబడతాయి కాబట్టి దీపానికి నిలవవు.

తోటబాట:
అందరికీ చాలా థాంక్స్. 29 ఖాయం చేశాం, 6 చేతిలో ఉంచుకున్నాం. ఇంకో రెండు. బస్సు మాట్లాడాలా, కార్లలో వెళ్లాలా? పొద్దున తోటలో టిఫిన్ ఏం పెట్టాలి?

గట్టుమీద:
బస్సే మాట్లాడండి, వెనక ఒక కారు. అన్నం డబ్బాలు, మందుల పెట్టె, పెద్దవాళ్లలో ఇద్దరు కారులో. ఎవరికైనా బాగోకపోతే వెంటనే కదలడానికి ఒక బండి ఉండాలి. ఆర్టీసీ డిపోలో అద్దెకిస్తారు, ప్రైవేటు మినీ బస్సులూ ఉన్నాయి. ఎవరిని మాట్లాడినా కిలోమీటర్లతో పాటు గంటల లెక్క కూడా అడగండి. రోజంతా తోటలో ఆపి ఉంచితే గంటల మీదే డబ్బు ఎక్కువవుతుంది. తోట దారిలోకి బస్సు మలుపు తిరుగుతుందా, కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయా చూసిరండి. తారురోడ్డు దాకే బస్సు, అక్కడ్నుంచి ట్రాక్టర్ తొట్టిలో అందరం, అంటే మాత్రం వద్దు.

వంటింటిలెక్క:
టిఫిన్‌కు ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. మనిషికి మూడు చొప్పున 120. మినప్పప్పు కిలో, ఇడ్లీరవ్వ రెండు కిలోలు నానబెడితే మీకు సరిపోయి కొన్ని మిగులుతాయి. నవంబర్ చలికి పిండి పొంగడం ఆలస్యమవుతుంది. శనివారం మధ్యాహ్నం మూడింటికల్లా రుబ్బి, గిన్నెను బియ్యం డబ్బా పక్కన దుప్పటి కప్పి ఉంచండి. ఫ్రిజ్ పక్కన నేల మీద పెడితే తెల్లారేసరికి పొంగదు. ఇడ్లీలు తడిగుడ్డ పరిచిన గంపలో సర్దండి. స్టీలు డబ్బాలో మూతేస్తే ఆవిరి నీళ్లు కారి అడుగువి చిత్తడవుతాయి.